నాలుగో ఫారం రెండుసార్లు

సవతి పోరు మనిషితోనే రావాలని ఎక్కడా లేదు. నాకు మొదట రాజ్యాంగంతో వచ్చింది, ఆ తరవాత లెక్కల టీచరమ్మతో.

ఆ వేసవిలో దేశం మొత్తానికీ అదే మాట. కొత్త రాజ్యాంగం ముసాయిదా అచ్చయింది. పేటపేటకీ సంఘాలు పెట్టి, ఒక్కో అధికరణం చదువుకుని, వాదించుకుని, చేతులెత్తి, కావాలో వద్దో రాజధానికి రాసి పంపమన్నారు. మా వీధి చివరి మంగలాయన గడ్డం సగం గీసి, దేశాధ్యక్షుడికి ఎంత అధికారం ఉండాలో తేలేదాకా రెండో సగం ముట్టుకునేవాడు కాదు. కూరగాయల బేరం కూడా న్యాయస్థానాల దాకా వెళ్ళి గానీ తెగేది కాదు.

మా ఆయనది పుస్తకాల బైండింగ్ షాపు. అందరూ అలాగే అనేవాళ్ళు, నేను కూడా అలాగే అనేదాన్ని. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, షాపు ముందు ఒక వరండా, అందులో ఒక బల్ల. అచ్చాఫీసు నుంచి పెద్ద కాగితాలు వస్తే వాటిని మడిచి ఫారాలు చేసేది నేను. ఆ ఫారాలని కట్టలు కట్టలుగా వెనక గదిలో పెద్ద బల్ల మీద పేర్చి, చుట్టూ తిరుగుతూ ఒక్కో కట్టలోంచి ఒక్కోటి తీసి పుస్తకంగా కూర్చేది నేను. కుట్టేది నేను. ఆయన వెన్ను చూసి, జిగురు పెట్టి, అట్ట వేసి, మిషన్ మీద అంచులు కోసేవారు. వెన్ను చూడటమంటే పెద్ద విద్యేమీ కాదు. ప్రతి ఫారం వెన్ను మీదా ఒక నల్లగీత ఉంటుంది. వరస సరిగ్గా ఉంటే గీతలు మెట్లలా కిందికి దిగుతాయి. ఏ ఫారమైనా తప్పితే మెట్టు విరుగుతుంది. అట్ట వేసే ముందు ఒక్కసారి కన్నేస్తే చాలు.

బైండింగ్‌కి వచ్చిన ప్రతి పుస్తకమూ చదివే అలవాటు ఉండటం వల్ల ఆయన్ని పేట సంఘంలో వేశారు. అప్పటిదాకా మా ఆయన నాతో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దారం అయిపోయింది. జిగురు పలచబడింది. భోజనం పెట్టు. మనిషి తీరే అంత కాబోలని సరిపెట్టుకున్నాను. మాటలు రాని మనిషిని మాట్లాడమని వేధించడం దేనికి?

అలాంటి మనిషికి సంఘంలోకి వెళ్ళగానే నోరొచ్చింది. ఆ నోరు తెరిపించింది లెక్కల టీచరమ్మ. ఆవిడా సంఘంలో సభ్యురాలే. పొడుగు మనిషి, భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది, చేతులు ఊపకుండా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. స్కూలుకి సెలవులు కదా, రోజూ సాయంత్రం క్లిప్పు పెట్టిన ముసాయిదా కాగితాలు పట్టుకుని మా వరండాలోకి వచ్చేసేది. బల్లకి ఆ కొసన ఆవిడ, ఈ కొసన మా ఆయన. మొదలుపెడితే చీకటి పడేదాకా ఆపేవాళ్ళు కాదు. ఆయన బల్ల మీద గుద్ది మరీ మాట్లాడటం నేను పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూడటం. ఆయన చెవులు ఎర్రబడేవి. ఆ చెవులు నాకోసం ఎప్పుడైనా ఎర్రబడ్డాయా అని గుర్తు తెచ్చుకోబోయి, ఏమీ గుర్తురాక, ఒళ్ళు మండేది.

"టీ పెట్టు, టీచరుగారొచ్చారు," అని లోపలికి ఒక కేక వేసేవారు. ఒకరోజు కావాలనే ఆవిడ కప్పులో పంచదార వెయ్యలేదు. చేదు తాగి మొహం చిట్లిస్తుంది, చూసి ఆనందిద్దామని గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

ఆవిడ ఒక గుక్క తాగి నా వైపు తిరిగింది. "అయ్యో, నాకు పంచదార పడదని మీకెలా తెలిసిందమ్మా? ఇన్నాళ్ళూ మొహమాటానికి తాగుతున్నాను. మీ ఆవిడ ఎంత కనిపెట్టి చూస్తారండీ!"

మా ఆయన నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ తోమినవే మళ్ళీ తోమాను.

వంటింట్లో కూర్చున్న మా అత్తగారు ఆ చప్పుడు విని నవ్వింది. "ఎందుకే ఆ గిన్నెల మీద ప్రతాపం?"

"మీ అబ్బాయి కొత్తగా ఇస్త్రీ చొక్కాలు వేస్తున్నారు, చూశారా?"

"చూశాను. వాడి మొహానికి ఇంకో ఆడది కూడానా? నువ్వొక్కదానివి దొరకడమే వాడి అదృష్టం. ఊరుకో."

ఊరుకోవడం నా వల్ల కాలేదు. టీచరమ్మ వెళ్ళాక భోజనాల దగ్గర అడిగేశాను. "ఏంటండీ, రోజూ అంతంతసేపు ఏం మాట్లాడుకుంటారు?"

"ఇరవై ఆరో అధికరణం."

"వారం నుంచీ ఒక్క అధికరణమేనా? ఏముంది అందులో?"

ఆయన తల ఎత్తలేదు. "ఏదో ఆస్తుల గొడవలే. నీకెందుకు?"

నిజం చెప్పే మనిషి కంచంలోకి చూస్తూ చెప్తాడా? నీకెందుకు అన్న ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయినట్టే అనిపించింది. ఆ రోజు నుంచి పట్టుదల పట్టాను. వరండాలో వాళ్ళ మాటలు మొదలవగానే మధ్య తలుపు ధడాలున వేసేసి వెనక గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. మీ సరసాలు మీరే వినండి, నాకేం పట్టింది అని. ఆ అధికరణంలో ఏముందో చదివి చూడాలని కూడా అనుకోలేదు.

అలా ఉండగా పేటకి కావలసిన ముసాయిదా కాపీలు కాగితాలుగా వచ్చిపడ్డాయి. బైండింగ్ మా షాపుకే ఇచ్చారు. ఒక్కో ఫారానికి రెండేసి కట్టలు. ఆదివారం సభలో ఇరవై ఆరో అధికరణం మీద చేతులెత్తుతారట, అప్పటికి సగం కాపీలైనా చేతికి కావాలన్నారు. సరే, ఒక్కో ఫారంలో ఒక్కో కట్ట విప్పి మొదటి సగం కూరుద్దామని బల్ల మీద పేర్చడం మొదలుపెట్టాను.

మూడో కట్ట పెట్టాను. నాలుగోది పెట్టాను. అప్పుడే వరండాలోంచి పెద్దగా నవ్వు వినిపించింది. మా ఆయన నవ్వు. ఈ ఇంట్లో ఆ నవ్వు కూడా ఒకటుందని నాకు తెలియదు. షాపు కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగిచూశాను. టీచరమ్మ చెయ్యి ఊపుతూ ఏదో అంటోంది, ఈయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. నా కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. గిర్రున తిరిగివచ్చి, చేతికందిన కట్ట నాలుగోదాని పక్కన పెట్టి, దాని పక్కన ఆరోది, ఏడోది పెట్టి, బల్ల చుట్టూ విసవిసా తిరుగుతూ కూర్చాను. నా చేతులు ఫారాల మీద ఉన్నాయి, చెవులు వరండాలో ఉన్నాయి. రెండు సాయంత్రాల్లో కుట్టేశాను కూడా. ఆయన వాదన మధ్యలో లేచివచ్చి, నిలబడిన పళాన జిగురు రాసి, అట్టలు వేసి, మళ్ళీ పరుగున వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆదివారం స్కూలు హాల్లో సభ. నేను ఎప్పుడూ వెళ్ళలేదు గానీ ఆ రోజు వెళ్ళాను. సంఘం వాళ్ళందరికీ వేదిక మీద కుర్చీలు వేస్తారని, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చూడాలని వెళ్ళాను. అత్తగారు తోడొచ్చింది. అనుకున్నంతా అయింది, ఇద్దరివీ పక్కపక్క కుర్చీలే. సభకి అధ్యక్షుడు మందుల షాపాయన. చేతిలో ఒక గంట పట్టుకుని, ఎవరైనా ఎక్కువ మాట్లాడితే గణగణా కొట్టేవాడు.

కొత్త కాపీలు అందరికీ పంచారు. టీచరమ్మ లేచి, "అందరూ ఇరవై ఆరో అధికరణం తియ్యండి," అంది.

పేజీల చప్పుడు. కాసేపటికి ఒకావిడ, "నాకు కనపడట్లేదు," అంది. "నాకూ లేదు," అన్నాడు ఇంకొకాయన. "ఇరవై మూడు అయిపోయాక మళ్ళీ పద్దెనిమిది వచ్చిందేంటి?" "ఆ తరవాత ఏకంగా ముప్పై రెండు ఉంది!"

నాకెవరూ చెప్పక్కర్లేదు, పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా ఉండేది నాలుగో ఫారం. అది రెండుసార్లు వచ్చింది. ఐదో ఫారం రెండు కట్టలూ మా బల్ల కింద భద్రంగా ఉన్నాయన్నమాట.

ముందు వరసలోంచి మా పేట మెకానిక్ లేచాడు. "ఇందులో ఆశ్చర్యపోవడానికేముందండీ? ఇరవై ఆరు వద్దని వేసవంతా గొంతు చించుకున్నది ఎవరు? బైండింగాయన. పుస్తకాలు ఎక్కడ కుట్టారు? బైండింగాయన దగ్గర. నచ్చని పేజీ నొక్కేశాడు!"

హాలంతా గోలైంది. "మోసం" అని ఒకరు, "రాజధానికి రాయాలి" అని ఒకరు. మందుల షాపాయన గంట కొడుతూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు. మా ఆయన లేచి నిలబడ్డారు. మొహం తెల్లగా పాలిపోయింది. మోసగాడన్న మాట ఆయన జన్మలో పడలేదు.

"నేను తియ్యలేదండీ," అన్నారు. "అసలు ఫారాలు మడవడం, కూర్చడం, కుట్టడం నా పని కాదు. అదంతా మా ఆవిడ పని. మొదట్నుంచీ ఆవిడే చేస్తుంది. అందులో నేను చెయ్యి కూడా పెట్టను. కావాలంటే అదిగో, ఆవిడే ఉంది, అడగండి."

హాల్లోని తలలన్నీ నా వైపు తిరిగాయి. నలుగురిలో నామీదికి తోసేశారు కదా అని ఒక మంట. అది కూడా ఆవిడ పక్కన నిలబడి తోశారని ఇంకో మంట. లేచాను.

"అవును, కుట్టింది నేనే. నాలుగో ఫారం రెండుసార్లు పడింది, నా చేతి తప్పే. మరి వెన్ను చూడాల్సింది ఎవరు?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"చెప్పండి, వెన్ను చూడటం ఎవరి పని? ఎప్పుడైనా చూడకుండా అట్ట వేశారా? ఈసారి ఎందుకు చూడలేదు? వరండాలో ఈవిడతో కూర్చుంటే ఇంక వెన్ను ఎవరు చూస్తారు?"

గంట ఆగిపోయింది. వెనకెవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అత్తగారు నా చెయ్యి పట్టి కిందికి లాగింది, నేను కూర్చోలేదు. టీచరమ్మ మొహంలోకి సూటిగా చూశాను. ఆవిడ నా మీద కోప్పడుతుందనుకున్నాను, లేకపోతే సిగ్గుపడుతుందనుకున్నాను.

"కూర్చున్నామమ్మా," అంది. "వేసవంతా కూర్చున్నాం. మీ షాపు గురించే."

క్లిప్పు పెట్టిన తన కాగితాలు తీసి చదివింది. "భార్యాభర్తలిద్దరి కష్టంతో నిలిచిన ఇల్లు గానీ, దుకాణం గానీ, వృత్తి గానీ, కాగితం మీద ఎవరి పేరున్నా సరే, ఇద్దరికీ సమానంగా చెందుతుంది. ఇదీ ఇరవై ఆరు. ఇది వద్దంటారు మీ ఆయన. షాపు నడిపేది నేనొక్కణ్ణే, ఇంట్లోవాళ్ళు ఏదో చేతిసాయం చేస్తారు, దానికి సగం ఎందుకంటారు. నేను ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఇప్పుడాయన అన్న మాట మీరంతా విన్నారు. ఇంక నేను చెప్పేదేం లేదు." అని కూర్చుంది.

నేనూ కూర్చున్నాను. కుర్చీ ఎక్కడుందో చూసుకోలేదు, అత్తగారి ఒళ్ళో పడ్డంత పనైంది.

ఓటు వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు. అప్పటికి కాపీలన్నీ సరిచేసి ఇమ్మన్నారు.

ఇంటికి వస్తూంటే అదే ఆలోచన. అసలు సంగతి తెలిశాక కుళ్ళు పోవాలి కదా? పోలేదు. ఇంకా ఎక్కువైంది. నా కష్టం, నా షాపు, నా సగం. వాటి గురించి వేసవంతా మాట్లాడుకోవడానికి ఆయనకి ఎవరో కావలసివచ్చారు గానీ, తలుపు ఇవతల ఉన్న నేను పనికిరాలేదు. ఇంతకంటే ఆవిడతో నిజంగా సరసాలాడినా నయమే, తిట్టి ఊరుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే సభ కాపీలన్నీ తిరిగి షాపులో పడ్డాయి. అట్టలు ఊడబీకాలి, దారాలు కొయ్యాలి, ఎక్కువైన నాలుగో ఫారం తీసి ఐదోది పెట్టాలి, మళ్ళీ కుట్టాలి. బల్లకి ఒక పక్క ఆయన, ఎదురుగా నేను. ఇద్దరం బ్లేడ్లతో దారాలు కోస్తూ కూర్చున్నాం.

"చెప్పండి," అన్నాను చివరికి.

"ఏం చెప్పను?"

"నాకు సగం ఎందుకు వద్దో చెప్పండి. టీచరమ్మకి చెప్పినట్టు. మొదట్నుంచీ."

"ఇప్పుడెందుకులే."

"ఆవిడకి చెప్పడానికి నోరొచ్చింది, నాకు చెప్పడానికి రాదా?"

ఆయన ఒక పుస్తకం అట్ట పీకి పక్కన పెట్టారు. "ఇది మా నాన్న పెట్టిన షాపు," అన్నారు నెమ్మదిగా.

"మీ నాన్నగారు పెట్టినప్పుడు ఒక బల్ల, ఒక కత్తి. మిషన్ ఎప్పుడొచ్చింది? ఎవరి గాజులమ్మితే వచ్చింది?"

"అది వేరే సంగతి. అసలు నేననేది ఏంటంటే, మొగుడూ పెళ్ళాల మధ్యకి చట్టం ఎందుకు? ఇవ్వాలనిపిస్తే ప్రేమగా ఇచ్చుకుంటారు. రాజ్యాంగంలో రాసి లాక్కుంటే అందులో ప్రేమేముంది?"

"బాగుంది. మరి ప్రేమగా ఇవ్వకుండా ఇన్నేళ్ళూ మీ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

ఆయన బ్లేడు కింద పెట్టారు. "అది కాదు, నువ్వు వినట్లేదు. రేపు ఒక ఇంట్లో ఇద్దరికీ పడదనుకో. సగం సగం అంటే షాపే మూతపడుతుంది. అప్పుడు ఇద్దరూ రోడ్డు మీద పడతారు."

"ఇప్పుడైతే ఒక్కత్తే పడుతుంది. అది నయమా?"

"నేనలా అన్నానా?" అని బల్ల మీద గుద్దారు. ఫారాలు ఎగిరిపడ్డాయి. చెవులు ఎర్రగా కందిపోయాయి. చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గడప దగ్గర కూర్చుని దారాలు చుడుతున్న అత్తగారు తలెత్తకుండానే అందుకుంది. "మీ నాన్నకి జిగురు కలిపిపెట్టింది నేనే. ఆయన పోయినప్పుడు షాపు నీ పేరు మీదికి వెళ్ళింది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే నీకే ఇచ్చేదాన్ని అనుకో. అడగలేదంతే."

మా ఆయన జిగురు డబ్బా పక్కన పెట్టి లేచారు. కాసేపు బయటికి వెళ్ళి వచ్చారు. వచ్చి మళ్ళీ వాదన మొదలుపెట్టారు. వారమంతా అదే. దారాలు కోస్తూ, కుడుతూ, భోజనాల దగ్గర, పళ్ళు తోముకుంటూ కూడా. టీచరమ్మ సాయంత్రం వస్తే, "ఇవాళ కుదరదండీ, పని మీదున్నాం," అన్నారు. నిజంగానే పని మీదున్నాం. అట్ట వేసే ముందు ఆయన ఒక్కో పుస్తకం వెన్ను నాకు చూపించి, నేను తలూపాక గానీ జిగురు ముట్టుకోలేదు.

ఆదివారం మళ్ళీ హాలు నిండింది. ఇరవై ఆరు కావాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. నేను ఎత్తాను. అత్తగారు రెండు చేతులూ ఎత్తితే మందుల షాపాయన గంట కొట్టి ఒకటి దింపించాడు. మా ఆయన చెయ్యి కదలలేదు.

"వద్దనేవాళ్ళు?"

ఆయన చెయ్యెత్తారు. పక్కన కూర్చున్న టీచరమ్మ వైపు చూడలేదు. హాలు చివర కూర్చున్న నా వైపు చూస్తూ ఎత్తారు. ఇంత వాదించాక కూడా ఒప్పుకోలేదా అని నాకు కోపం రావాలి. రాలేదు. ఆయనకి ఎదుటి పక్షం ఇప్పుడు నేను.

కావాలనేవాళ్ళే ఎక్కువమంది తేలారు. మా పేట మాట రాజధానికి వెళ్తుందన్నారు. అక్కడ ఏం తేలుస్తారో, ఎప్పుడు తేలుస్తారో ఎవరికీ తెలియదు. అత్తగారు తన స్నేహితురాళ్ళతో ముందు నడిచింది. మేమిద్దరం వెనక.

"రేపు వెళ్ళి షాపు కాగితాల మీద నీ పేరు కూడా ఎక్కిస్తాను," అన్నారు.

"చట్టం ఇంకా రాలేదుగా?"

"పదిమందిలో ఓడిపోయాను. ఓడాక కూడా బిగదీసుకు కూర్చుంటే ఇంక చేతులెత్తడం దేనికి?"

సంతోషించాల్సిన మాట. కానీ నా గుణం నాది. మొన్నటిదాకా ఒక్క టీచరమ్మ మీదే కుళ్ళు, ఆ క్షణంలో చెయ్యెత్తిన పేట మొత్తం మీద పుట్టింది. "ఓహో. మంగలాయన, మెకానిక్కు, మందుల షాపాయన చెప్తే ఇస్తారన్నమాట. ఇంట్లో ఉన్నదానికి ఇవ్వాలని మాత్రం తోచదు."

ఆయన ఆగిపోయారు. "నువ్వెప్పుడు అడిగావు?"

నేనూ ఆగాను. పక్కనుంచి సైకిళ్ళు పోతున్నాయి. ఎంత వెతుక్కున్నా ఒక్కసారి కూడా గుర్తురాలేదు. దారం అడిగాను, సరుకులు అడిగాను, ఎక్కడికెళ్ళారని అడిగాను. ఇది అడగలేదు.

"అయితే ఇప్పుడడుగుతున్నాను. వాళ్ళెవరో చేతులెత్తారని కాదు. నేనడుగుతున్నానని ఇవ్వండి. షాపులో సగం నాది, నాకివ్వండి."

ఆయన నా మొహంలోకి చూశారు. "సరే," అన్నారు.

అంతే. అని మళ్ళీ నడవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళంతా చల్లబడింది, వెంటనే మళ్ళీ మండింది. నాలుగడుగులు పరిగెత్తి ఆయన పక్కకి చేరుకున్నాను.

"ఏంటండీ, సరేనా? టీచరమ్మకైతే వేసవంతా కాదన్నారు. నాకు ఒక్క మాటలో సరేనా?"

"మరేమనమంటావు?"

"ఇల్లొచ్చేదాకా అయినా కాదనండి," అన్నాను.